క్రేను పక్కన మా అన్న

మా ఇంట్లో గోడకు రెండే బొమ్మలుండేవి. ఒకటి కదిరి నరసింహస్వామిది. రెండోది బీడీల క్యాలెండరు మీది ఒక పిల్లది. సంవత్సరం గడిచిపోయినా ఆ పిల్లను ఎవరూ దించలేదు. ఆ పిల్ల ఎవరో మాకు తెలియదు గానీ, మా చుట్టాలందరికంటే ఎక్కువ కాలం మా ఇంట్లో ఉండి, ఒక్కరోజు కూడా అన్నం అడక్కుండా బతికింది ఆమె ఒక్కతే.

మనుషుల ఫొటోలు మాత్రం లేవు. మా అమ్మ ఒప్పుకునేది కాదు. దానికి ఆమెకు గట్టి కారణమే ఉంది. ఆమె అన్న, అంటే మా మేనమామ, కదిరి తేరుకు పోయి, అట్టమీద గీసిన మోటారు కారు వెనకాల నిలబడి ఫొటో దిగాడు. ఆ ఏడే పోయాడు. పోయింది పాము కరిచి. శెనక్కాయ చేలో, పట్టపగలు.

"పాము కరిస్తే ఫొటో ఏం చేస్తుందిమ్మా?" అని నేను అడిగితే, ఆమె జవాబు సిద్ధంగా ఉండేది. "వాడు ఆ చేలో ఉండాడని పాముకు ఎవురు చెప్పినారు?"

దీనికి మా బడిలో అయ్యవారి దగ్గర కూడా జవాబు ఉండేది కాదేమో. నాలుగో తరగతిలో నేను బడిని వదిలానా, బడే నన్ను వదిలిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఇద్దరికీ పెద్ద బాధ లేకుండా మాత్రం విడిపోయాం.

మనిషి మొహాన్ని పెట్టెలోకి లాక్కుంటే ఆయుష్షు కొంచెం ఆ పెట్టెలోకి పోతుందని మా వైపు చాలామంది నమ్మేవాళ్ళు. మా అమ్మ కాస్త గట్టిగా నమ్మేది, అంతే.

యాభైల్లో, వరసగా వానలు లేని కాలంలో, మా అన్న కాలువ పనికి పోయాడు. అప్పటికి మా ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. గంజిలో మన మొహం మనకు కనిపించేది, అంత పల్చగా ఉండేది. విడపనకల్లు అవతల రాళ్ళు పగలగొట్టి కాలువ తవ్వుతున్నారనీ, మనుషులు కావాలనీ మా ఊరి మేస్త్రీ ఒకాయన గ్యాంగు కట్టాడు. మా అన్నకు అప్పుడే మీసం వస్తోంది. మా నాయన ఎద్దులు అంతకుముందే పోయాయి, ఇక ఇంట్లో పని చేయగలిగిన జీవం వాడొక్కడే.

ఆ కాలువ నీళ్ళు మా ఊరికి రావని అందరికీ తెలుసు. గట్టు అటువైపు, మేం ఇటువైపు. నీళ్ళు మా దగ్గరకు రాకపోతే పోయె, మా వాళ్ళే నీళ్ళ దగ్గరకు పోయారు.

ఊరి బయట, బండ్లబాట దగ్గర అమ్మ వాడికి సద్దిమూట చేతికిచ్చి చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి. "ఎవురితోనూ కొట్లాడగాకు. పాసిపోయింది తినగాకు. ఆడ ఫొటోలు తీసే దొరలొస్తారంట, మొగం ఇయ్యగాకు. ఇంటివా?"

"ఇంటి లేమ్మా," అన్నాడు వాడు, విన్నానన్నట్టు తలూపి.

"ఏమి ఇంటివి? చెప్పు."

"మొగం ఇయ్యను."

అంతే. గ్యాంగుతో కలిసి నడిచి పోయాడు. నేను వాడి భుజం మీది ఎర్రగళ్ళ తువాలు కనిపించినంతసేపు చూశాను. అది మా నాయన తువాలు. పోతూ పోతూ అది తీసుకుపోతున్నాడని నాకు కొంచెం కడుపుమంటగా కూడా ఉంది, ఎందుకంటే అది నాకు రావాల్సింది.

మళ్ళీ ఎండాకాలంలో క్యాంపులో వాంతిభేది వచ్చింది. కబురు మా ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ జబ్బుతో పోయినవాళ్ళను ఆ పూటే కాల్చేసేవాళ్ళు, బట్టలతో సహా. మా నాయన పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎక్కడ కాల్చారో చూపించారట. అక్కడ బూడిద అందరిదీ ఒకటే కుప్పట. అమ్మకు కడచూపు లేదు.

తర్వాత నేను పెద్దవాణ్ణయ్యాను. కదిరిలో ఒక సైకిల్ షాపులో పంచర్లు వేసేవాణ్ణి. నా నోటికి అక్కడ మంచి గిరాకీ ఉండేది. ట్యూబు చూసి, "అన్నా, దీనికి రబ్బరు ఏసేదానికి చోటు లేదు, ఉన్న చోటంతా రబ్బరే" అంటే నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, కొట్టేవాళ్ళు కొట్టేవాళ్ళు. ఆదివారాలు ఊరికి పోయేవాణ్ణి.

అరవైల్లో మళ్ళీ అలాంటి కరువే వచ్చిన ఏడు, ఒక ఆదివారం అమ్మ వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. విత్తనాలకని దాచినవి. వాన లేక విత్తలేదు, ఇక తినడానికే ఒలుస్తోంది.

"రేయ్," అంది తల ఎత్తకుండా. "మీ అన్న మొగం ఎట్లుండె?"

"నా మాదిరే ఉండె. కొంచెం బాగుండె."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకు కనపడలేదురా," అంది. "కండ్లు మూసుకుంటే నడక కనపడ్తాది. గొంతు ఇనపడ్తాది. మొగం రాలేదు. ముందు ముక్కొకటి వస్తాండె, ఇప్పుడు అదీ రాలేదు. నీకు గుర్తుండాదా?"

నాకు గుర్తున్నది ఎర్రగళ్ళ తువాలు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. "ముక్కు నాయనది, నోరు నీది" అన్నాను. ఏ కొడుక్కైనా సరిపోయే మాట అది. ఆమెకు తెలుసు. మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే పాత మేస్త్రీ నా షాపు దగ్గరకు వచ్చాడు. రాతిదుమ్ముకు ఆయన కళ్ళు పాడైపోయాయి. మనవడి సైకిలు వెనక కూర్చుని తిరిగేవాడు. కాలువ పని అయిపోయాక అక్కడి పాత సామాన్ల షెడ్డులో యంత్రాలు నిలబెట్టారనీ, జనం పోయి చూస్తున్నారనీ, తననూ ఎవరో తీసుకుపోయారనీ చెప్పాడు.

"మిషన్లకు పెండ్లికూతుర్ల మాదిరి రంగేసినారప్పా. మేము తోలిన క్రేను ఉండాది. దాని పక్కన మా గ్యాంగు ఫొటో కూడా గాజుపలకలో పెట్టినారంట. మీ అన్న నాకు ఎడంపక్కన, చక్రం కాడ నిలబడినాడు."

"నువ్వు చూస్తివా మామా?"

"నా కండ్లకు ఏమి ఆనుతుందిరా? నిలబడింది మాత్రం గుర్తుండాది. చక్రం కాడ."

నేను ఆ రోజే ఊరికి పోయి అమ్మకు చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. నా అంచనాలు ఆమె విషయంలో ఎప్పుడూ ఇంతే. ఆమె చేతిలోని చేట కింద పెట్టేసింది.

"ఫొటో తీపిచ్చుకున్నాడా?" అంది.

"అవును, గ్యాంగంతా..."

"చెప్తినే వానికి. బాటలో నిలబెట్టి చెప్తినే. ఇంటి అన్నాడే."

రెండు మూడు రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదట. చనిపోయిన కొడుకు మీద అలిగింది. ఇన్నేళ్ళూ వాడు ఎందుకు పోయాడో ఆమెకు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. మాట వినలేదు, పోయాడు. ఆ కోపం ఆమెకు కొంచెం ఆసరాగా కూడా ఉందేమోనని నాకు అనిపించింది. నాయన మాత్రం, "పోయినోని మీద కోపమేమే?" అని బయటికి పోయేవాడు.

తర్వాత ఆమే కబురు పంపింది. పోదాం అని. తిట్టడానికైనా, చూడడానికైనా, ఆ మొహం కావాలి.

పొద్దున్నే బయలుదేరాం. కదిరి నుంచి గుత్తికి, గుత్తి నుంచి విడపనకల్లు వైపు పోయే ఇంకో బస్సు. దారి పొడుగునా ఎర్రనేల, నల్లబండలు, గట్ల మీద ఎండిపోయిన బోదగడ్డి. బస్సు ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు నీళ్ళడిగేవాళ్ళు. అమ్మ ఒళ్ళో సద్ది పెట్టుకుని, కొత్త రవికె వేసుకుని కూర్చుంది. ఎవరి పెండ్లికో అనుకుని పక్కామె అడిగింది. "కొడుకును చూసేదానికి" అంది అమ్మ. "యాడుండాడు?" "కాలువ కాడ పని." అబద్ధం కూడా కాదది.

షెడ్డు పెద్దదేమీ కాదు. పైన రేకులు, ముందు కంకర వేసిన బాట, పక్కన సున్నం కొట్టిన రాళ్ళ వరస. అమ్మ గడప దగ్గర చెప్పులు విడిచింది.

"గుడి కాదక్కా, ఏసుకో," అన్నాడు వాచ్‌మన్. ఖాకీ చొక్కా, కింద పంచె. సగం సర్కారు, సగం ఇల్లు.

"ఉండనీలే," అంది అమ్మ.

గుడి కాదని అతను అన్నాడు గానీ, లోపల ప్రతి యంత్రానికీ పసుపూ కుంకుమా ఉన్నాయి. ఆయుధపూజ నాడు అతనే పెడతాడట, గుమ్మడికాయ కూడా కొడతాడట. అవి పని మానేసి ఏళ్ళయింది. "మరి పూజ ఎందుకన్నా, ఇంక ఎవురినీ ఏమీ చేయలేవు కదా?" అన్నాను. "అందుకే పెడ్తాండా," అన్నాడతను. "పని లేనోనికే కోపం ఎక్కువ." ఈ మనిషితో నాకు పొత్తు కుదురుతుందనిపించింది.

అతను చేతులు వెనక్కి పెట్టుకుని, ఎవరో పెద్దసారు నేర్పిన పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇది రాయి నలిపే యంత్రం. ఇది సున్నం నలిపే గానుగ, ఎద్దులు తిప్పుతాయి. ఇది భూమి ఎత్తుపల్లాలు చూసే దుర్భిణి, దీంట్లోంచి చూస్తే మనిషి తలకిందులుగా కనపడతాడు. నేను చూస్తానన్నాను. "ముట్టగాకప్పా" అన్నాడు. ఇంకోవైపు ఒక బల్ల మీద మట్టితోనూ సిమెంటుతోనూ చేసిన చిన్న కాలువ ఉంది. వంకలు, వంతెనలు, చివర ఆకుపచ్చ రంగు వేసిన మళ్ళు. పైన చెంబుతో నీళ్ళు పోస్తే తలుపులు ఒక్కొక్కటే దాటి మళ్ళలోకి పారుతాయట.

"పోయన్నా, మా అమ్మ చూస్తాది."

అతను తల గోక్కున్నాడు. "బోరింగు ఎండిపాయ. తాగేదానికే బిందె దూరం నుంచి వస్తాండాది. ఇంకోసారి వచ్చినప్పుడు చూపిస్తా."

అదొక్కటే, ఆ రోజు నేను చూసినవాటిలో, మా తాలూకాను ఉన్నది ఉన్నట్టు చూపించిన బొమ్మ.

అమ్మ ఇవేవీ వినడం లేదు. షెడ్డు చివర, క్రేను దగ్గర నిలబడి ఉంది. నల్లరంగు, ఎర్ర చక్రాలు. బొగ్గుతో నీళ్ళు కాచి, ఆ ఆవిరితో ఎద్దుల బండంత రాళ్ళు ఎత్తేదట. దాని మెడ రేకులకు తగులుతుందేమో అన్నంత పొడుగుంది. అమ్మ దాని చక్రాన్ని అరచేత్తో తాకి చూసి, చెయ్యి తీసేసింది. చల్లగా ఉందేమో.

"ఫొటో యాడుండాది?" అంది.

గోడమీద ఉంది, కిటికీకి ఎదురుగా. నేను ముందు పోయి చూశాను. ఇదే క్రేను, బయట ఎండలో, పొగ కక్కుతూ. దాని కింద గ్యాంగు వరసగా నిలబడి ఉంది. ఎండకు అందరి కళ్ళూ ముడుచుకుపోయి ఉన్నాయి. నడుమ మేస్త్రీ, అప్పట్లో మీసాలున్నాయి, కళ్ళూ ఉన్నాయి. ఆయనకు ఎడంపక్కన, చక్రం దగ్గర, ఒక మనిషి.

ఆ మనిషి మొహం మీద తువాలు ఉంది. నెత్తి మీద నుంచి లాగి, గడ్డం కింద పిడికిలితో పట్టుకున్నాడు. గళ్ళ తువాలు. ఫొటోలో అది ఎర్రది కాదు, అంతే.

నేను అమ్మకు అడ్డం నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. అడ్డం నిలబడితే ఏమైనా మారుతుందా? ఆమె నా భుజం పట్టి పక్కకు జరిపింది.

వాచ్‌మన్ పాఠం ఆపలేదు. "ఈ మిషను ఎంత ఎత్తుండాదో సారోళ్ళకు తెలిసేదానికని మనుషుల్ని పక్కన నిలబెట్టి తీసినారు. మనిషిని పెడితేనే కదా, కొలత తెలిసేది."

"ఈ తువాలోడు ఎవురప్పా?" అంది అమ్మ. ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"ఎవురో. ఎండకు కప్పుకున్నట్టుండాడు. అందరూ నవ్వుతారు వాన్ని చూసి. ఫొటో తీస్తాంటే ఎవురన్నా మొగం కప్పుకుంటారా? పేర్లు రాయలేదక్కా. మిషను పేరు మాత్రం కిందుంది."

అమ్మ గాజుకు దగ్గరగా పోయింది. వేలు పెట్టి కింద చూపించింది, నాకు. ఆ మనిషి కాళ్ళు. కుడికాలి బొటనవేలు పక్కకు తిరిగి ఉంది. చిన్నప్పుడు చేను చదును చేసే గుంటక పడి విరిగి, అట్లే అతుక్కున్న వేలు. ఆమే కట్టింది కట్టు.

"వాడే," అంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. నలుగురిని నవ్వించడానికి మా ఇంటి సంగతులన్నీ అమ్ముకున్నవాణ్ణి, ఇది మాత్రం అమ్మలేదు. ఆమె ఫొటోకు ఒక పక్కకు జరిగి, గోడకు చెంప ఆనించి, తువాలు అంచు వెనకనుంచి చూడబోయింది. కనిపించలేదు. ఇంకో పక్కకు పోయి చూసింది. తర్వాత వంగి, కింద నుంచి, పిడికిలి కింద సందులోంచి పైకి చూసింది. జీవితంలో ఫొటోను దగ్గరగా చూడని మనిషి. కిటికీలోంచి చూసినట్టు తొంగి చూస్తే లోపలివాడు కనబడతాడేమో అనుకుంది. వాచ్‌మన్ నోరు మూసుకున్నాడు. అతనికి అప్పుడు అర్థమైంది.

"చెప్పిన మాట ఇన్నాడు," అంది అమ్మ, లేచి నిలబడి. "ఇయ్యను అన్నాడు, ఇయ్యలేదు."

వాచ్‌మన్ పోయి ముంతలో నీళ్ళు తెచ్చాడు. తాగడానికి దాచుకున్నవి. ఆమె రెండు గుక్కలు తాగి, మిగిలినవి అతనికే తిరిగిచ్చింది. అతను వాటిని పారబోయలేదు, మూతపెట్టి మళ్ళీ మూలన పెట్టుకున్నాడు.

"కొడుకా అక్కా?"

"ఊ."

"నేను తెలీక..."

"నువ్వేం చేస్తావప్పా."

బయటికొచ్చి చెప్పులేసుకుంది. బస్సు వచ్చేదాకా మైలురాయి నీడలో కూర్చున్నాం, అంటే నీడలో సద్ది ఉంది, మేం ఎండలో ఉన్నాం. ఏదో ఒకటి అనాలి. నా పనే అది. చేతికందిన రాయి తీసి విసిరాను. ఎదురుగా కాలువ. అడుగున నెర్రెలు విచ్చిన ఒండ్రు, దానిమీద మేకల అడుగులు.

ఆమే అంది. "కప్పుకున్నా పాయ."

కొడుకు మీద పెట్టుకున్న కోపం పోయింది. దానికి బదులు పెట్టుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. వాడు మాట తప్పి ఉంటే ఒక కారణమన్నా దక్కేది, ఒక మొహమన్నా దక్కేది. వాడు బుద్ధిమంతుడు కావడం వల్ల రెండూ పోయాయి.

గుత్తిలో కదిరి బస్సుకు ఇంకా పొద్దుంది. బస్టాండు ఎదురుగా ఒక ఫొటోల అంగడి. లోపల పరదా మీద చెరువు, హంసలు. మా జిల్లాలో అంత నీళ్ళు ఆ పరదా మీదే చూడాలి. నేను టీ తాగుదామని పోతుంటే అమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"రేయ్. ఆడికి పోదాం రా."

"ఎందుకమ్మా?"

"నీ మొగమన్నా ఉండనీ."

"నాకు ఆయుస్సు తగ్గితే?" అన్నాను. అలవాటు, నోరు ఊరుకోదు. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "తగ్గనీ," అంది. "తగ్గకుండా చూసుకుంటి కదా, ఒకన్ని."

ఫొటోలాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. భుజం మీద తువాలు అట్లే ఉండనీ, అందంగా ఉందన్నాడు. అమ్మ వచ్చి ఆ తువాలు లాగేసి తన చంకలో పెట్టుకుంది. "తువాలొద్దు," అంది. నువ్వూ పక్కన నిలబడమ్మా అన్నాడు ఆయన. ఆమె వినిపించుకోలేదు. పోయి కెమెరా పక్కన, గోడకు ఆనుకుని నిలబడింది. నన్నే చూస్తోంది.

ఆయన కెమెరా మీది నల్లగుడ్డ ఎత్తి, తల లోపల పెట్టుకుని కప్పుకున్నాడు.

"ఈయప్ప ఎందుకురా కప్పుకుంటాడు?" అంది అమ్మ.

"ఆయనకూ ఒక అమ్మ ఉంటాదిలే," అన్నాను.

ఆ రోజు మొత్తం మీద అప్పుడే నాకు కొంచెం నవ్వొచ్చింది. పళ్ళు బయటపడబోయాయి.

"నవ్వగాకు," అంది అమ్మ. "నవ్వితే మొగం మారిపోతాది. ఉన్నట్టుండు."

ఉన్నట్టు ఉన్నాను.

ఆ ఫొటో వచ్చాక ఆమె ఒక్కసారి చూసి, ట్రంకుపెట్టెలో చీరల కింద బోర్లా పెట్టింది. ఆ తర్వాత నాకు జ్వరమొచ్చినప్పుడల్లా పెట్టె మూత చప్పుడయ్యేది. తీసి చూసేదో, ఇంకా లోపలికి తోసేదో, నేను అడగలేదు. ఆమె పోయాక చీరలు పంచుకున్నారు, ఫొటో నా పాలికి వచ్చింది. ఆమెది మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు.

ఇప్పుడది మా గోడకు ఉంది. అప్పుడప్పుడు ఎవరైనా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఎవరీయన, ఇంత దిగులుగా ఉన్నాడు, మీ అన్నా అని అడుగుతారు. నేనే అంటే నమ్మరు. నేను తమాషా చేస్తున్నాననుకుంటారు.